నెర్మిన్ అత్తగారు

ఆ ఏడు వానలు అడ్డం రాలేదు, రాస్ప్‌బెర్రీలకు మంచి ధర పలికింది, ఒక టర్కీ సీరియల్ మా మొరావిత్స లోయనంతా పట్టి ఊపేసింది. ఈ మూడింట్లో మా ఇంటిని మార్చింది సీరియలే అని నేనంటే జనం ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనీ.

రాస్ప్‌బెర్రీ కోత అంటే సాలుకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడి, ముళ్ళకొమ్మల సందుల్లోంచి పళ్ళు తుంచుతూ నడవడం. చేతులకు ఊపిరాడదు గానీ నోటికి బోలెడంత తీరిక. అందుకని సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో అందరం కూడి చూసిన సీరియల్ మర్నాడు పొద్దున్నే సాళ్ళలోకి దిగేది. పళ్ళు బుట్టలో పడుతుంటే కథ ముందుకు నడిచేది, సీరియల్ తీసినవాళ్ళకు కూడా తెలియని దారుల్లో.

కథ పెద్దదేం కాదు. నెర్మిన్ అని ఒక పడుచు విధవ. మొగుడు ఓడ కెప్టెన్, తుఫానులో పోయాడు. సముద్రం ఒడ్డున పెద్ద ఇంట్లో అత్తగారితో ఉంటుంది. ఆ అత్తగారు పొద్దస్తమానం సోఫాలో కూర్చుని, చెవులకు ఇంతింత కమ్మలు పెట్టుకుని, కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తుంటుంది. నెర్మిన్‌ని చేసుకోవాలని కెనాన్ అనే ఫ్యాక్టరీ యజమాని కాళ్ళరిగేలా తిరుగుతుంటాడు. సీరియల్ వాళ్ళు ఆమెను అతనికే కట్టబెట్టబోతున్నారని చంటిపిల్లకైనా తెలుస్తుంది, ఎందుకంటే కెమెరా ఎప్పుడు చూసినా అతని కారు వెంటే పరిగెత్తేది.

అయితే ఆ ఇంటికి హల్దూన్ అనే డాక్టరు ఒకాయన వచ్చిపోతుండేవాడు. పోయిన కెప్టెన్‌కి స్నేహితుడు. వారమంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఒకరోజు అందరూ టీ తాగుతున్నారు. నెర్మిన్ అడగలేదు, అతను ఆమె వైపు చూడనూ లేదు, పంచదార గిన్నెను మాత్రం ఒక వేలితో ఆమె ముందుకు జరిపాడు. వెంటనే సీను మారిపోయింది. నేను మాత్రం చూశాను.

మర్నాడు సాల్లో ఆ మాటే అన్నాను. నెర్మిన్ మనిషి కెనాన్ కాదు, ఆ డాక్టరని. ఎదురుగా మా పక్కింటి జోరక్క ఉంది. యాభై దాటిన మనిషి, కోతలో ఆమె చేతినీ మాటలో ఆమె నోటినీ మించింది మా ఊళ్ళో లేదు. "కెనాన్‌కి ఇల్లుంది, కారుంది, పళ్ళు తెల్లగా ఉన్నాయి. నీ డాక్టరుకేముందే, ఒక సంచీ" అని తీసిపారేసింది. పంచదార సంగతి చెప్పాను. "చెయ్యి దురద పెట్టి ఉంటుంది" అంది.

కానీ వారం తిరిగేసరికి సాళ్ళలో సగం మంది నా వైపు వచ్చేశారు. సీరియల్ వాళ్ళు గుప్పెడు పిండి ఇస్తే మేం వీధికంతా రొట్టెలు కాల్చాం. హల్దూన్ వానలో తడిసి వస్తే నెర్మిన్ అతని కోటు ఆరబెట్టడం, గుండీ ఊడిందని చూసి మాట్లాడకుండా కుట్టడం, ఇవన్నీ మా సాళ్ళలో జరిగాయి గానీ టీవీలో ఎప్పుడూ రాలేదు. ఒకసారి వాళ్ళిద్దరికీ పులుసులో ఉప్పు గురించి పోట్లాట పెట్టాను. పోట్లాట లేకపోతే మొగుడూ పెళ్ళాలని ఎవరు నమ్ముతారు? కెనాన్ పక్షమైన జోరక్క కూడా ఆ పోట్లాటలో కలగజేసుకుని, తప్పంతా హల్దూన్ తల్లిదని తేల్చింది. హల్దూన్‌కి తల్లి ఉన్నట్టు సీరియల్లో ఎక్కడా లేదు.

దాచడమెందుకు, నేనూ విధవనే. నా మొగుడు మిలోయె అప్పటికి నాలుగేళ్ళ కిందట పోయాడు. పిల్లల్లేరు. నేనూ, మా అత్తగారు మిలుంకా, కొండవాలున ఈ తోట, అంతే మా సంసారం. కోతలప్పుడు ట్రాక్టరు నడిపి, సాయంత్రం ట్రేలన్నీ అరిల్యె పట్నంలో కోల్డ్ స్టోరేజీకి చేర్చేది తిహోమిర్. వాగు అవతల ఒంటరిగా ఉండేవాడు, పెళ్ళి కాలేదు. నాకు అతనంటే ఇష్టం. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు చెయ్యి వణకదు గానీ, అప్పట్లో మనసులో అనుకోవడానికి కూడా భయపడేదాన్ని.

ఎందుకంటే తిహోమిర్ మా కుమ్. మా పెళ్ళిలో మిలోయె పక్కన నిలబడి, భుజాన తువ్వాలు వేసుకుని, పుస్తకంలో సాక్షి సంతకం పెట్టినవాడు. మా వైపు అలా నిలబడినవాడు ఆ రోజు నుంచి తోడబుట్టినవాడి కన్నా ఎక్కువ. పెళ్ళికూతురికి అతను కుమ్, అతనికి ఆమె కుమా. పిలుచుకునేది కూడా పేర్లతో కాదు, అతను గేటు దగ్గర నిలబడి "కుమో" అంటే నేను లోపల్నుంచి "కుమే" అని పలికేదాన్ని. వాళ్ళ మధ్య ఇంకో రకం ఊహ వచ్చిందంటే వడగళ్ళు పడతాయనీ, ఆవులు ఎండిపోతాయనీ మా పెద్దవాళ్ళు నమ్ముతారు.

అతను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ రోజూ తెల్లారి నేను వెళ్ళేసరికి నా సాలు మొదట్లో దురదగొండి మొక్కలు కోసి పక్కన పడేసి ఉండేవి. నా ఒక్క సాల్లోనే. తన సాల్లో ఎవడూ కోయడేమని జోరక్క ఒకసారి దెప్పింది, ఆ తర్వాత ఆ విషయం మర్చిపోయింది. కోత మొదలైన కొత్తలోనే అతను ఇంకో సంగతి కూడా చెప్పాడు. పళ్ళయిపోయాక ఆస్ట్రియా వెళ్ళిపోతాడట, తాపీ పనికి. ఎన్నాళ్ళకని అడిగితే, "ఇక్కడ నాకెవరున్నారు కుమో" అన్నాడు, ట్రేలు ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా.

అదీ నా వేసవి. పళ్ళెన్నాళ్ళుంటే అన్నాళ్ళు.

సీరియల్ వేళకే అతను ట్రేలు ఎక్కించడానికి వచ్చేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. గుమ్మానికి భుజం ఆనించి, ఇప్పుడే వెళ్ళిపోతానన్నట్టు నిలబడి, సీరియల్ అయ్యేదాకా అలాగే చూసేవాడు. మా అత్తగారైతే టీవీకి వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు వొలిచేది. ఆ రంగులు పూసుకున్న మొహాలు తను చూడలేనని అనేది. కానీ తెర కింద మా భాషలో వచ్చే అక్షరాలు ఎవరైనా పైకి చదవడం ఆపితే, కాయ చేతిలో ఆగిపోయేది.

జూలై మొదటి వారంలో కొంప మునిగింది. నెర్మిన్‌కి పాత రోజులు గుర్తొచ్చి, ఆమె పెళ్ళి చూపించారు. తెల్లబట్టల్లో నెర్మిన్, పక్కన కెప్టెన్, ఎదురుగా బల్ల మీద పెద్ద పుస్తకం. కెప్టెన్ పక్కన నిలబడ్డ మనిషి వంగి, కలం తీసుకుని సంతకం పెట్టాడు. తలెత్తితే హల్దూన్.

నేను గుమ్మం వైపు చూశాను. అక్కడెవరూ లేరు. కాసేపటికి ట్రాక్టరు బయల్దేరిన చప్పుడు వినిపించింది. సగం ట్రేలు అరుగు మీదే ఉండిపోయాయి.

మర్నాడు జోరక్క తీర్పు చెప్పేసింది. "అయిపోయింది. వాడు కుమ్. ఇంక ఆ ముచ్చట సాళ్ళలో వద్దు, పళ్ళు పులుస్తాయి."

వాళ్ళ దేశంలో అది ఉత్త సంతకమేననీ, పెట్టినవాడు ఇంటికెళ్ళి మర్చిపోతాడనీ నేను వాదించాను.

"పక్కన నిలబడ్డాడా లేదా?"

"నిలబడ్డాడు."

"మరింకేంటే? నిలబడ్డాక ఏ దేశమైతే ఏంటి?"

అందరూ ఆమె మాటకే తలూపారు. నిన్నటిదాకా హల్దూన్ కోటుకు గుండీలు కుట్టినవాళ్ళు ఆ పూటకు పెరుగు ధర గురించి మాట్లాడుకున్నారు. సీరియల్లో ఒక జంట పోతే నాకేం పోయిందని మీరడగొచ్చు. ఆ సాళ్ళ మధ్య మాత్రమే నేను తిహోమిర్ గురించి నోరారా మాట్లాడగలిగేదాన్ని, హల్దూన్ అని పేరు మార్చి. లోకంలో నాకున్నది ఆ కాస్త చోటే, అది కూడా పోయింది. ఆ రోజు ఎంత కోశానో ఏం కోశానో నాకు గుర్తులేదు.

విచిత్రమేమిటంటే, సరిగ్గా అప్పట్నుంచే మా అత్తగారు కుర్చీ తిప్పి టీవీకి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోతవాళ్ళకు చిక్కుడు గింజల కూర వడ్డిస్తూ, నెర్మిన్ సంగతి ఫాదర్ వుకాన్‌ని అడిగొచ్చానంది, పాలు పోయించుకొచ్చానన్నంత మామూలుగా. చెంచాలు ఆగిపోయాయి. ఫాదర్ మొదట, వాళ్ళది వేరే మతం, నన్నడుగుతావేంటమ్మా అన్నాడట. మనవాళ్ళే అనుకోండి అని ఈమె పట్టుబట్టిందట. ఆయన గడ్డం గోక్కుని, ఆ డాక్టరు ఆమె బిడ్డకు బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడి ఉంటే ఈ జన్మలో దీవించనన్నాడట. పెళ్ళిలో నిలబడ్డవాడైతే చర్చి పుస్తకంలో అడ్డమేమీ లేదు, అడ్డమంతా జనం నోట్లోనే ఉంది, జనాన్నే అడుక్కోమన్నాడట.

"జనమంటే మనమేగా పిన్నీ. మనం ఒప్పుకోం" అంది జోరక్క.

"నిన్నెవరడిగారు? కూర తిను" అని, మా అత్తగారు నా కంచం దగ్గరికొచ్చింది. "దోబ్రిలా, ఆ నెర్మిన్‌కి పిల్లలున్నారా?"

"లేరత్తయ్యా."

"లేరు కదా" అంది. నా మొహంకేసి చూడలేదు, గిన్నెకేసే చూసింది. కూర ఇంకో గరిటె వేసి ముందుకు వెళ్ళిపోయింది.

ఈమెకు తెలిసిపోయిందని అర్థమైంది. కన్నకొడుకు పోయిన మనిషి, ఆ కొడుకు పక్కన నిలబడ్డవాడి మీద కోడలు మనసు పడిందని తెలిస్తే ఏం చేస్తుంది? ఆ తర్వాత రోజుల్లో ఆమె కళ్ళబడకుండా తప్పుకు తిరిగాను. ఆమె మాత్రం ఎప్పట్లాగే తిట్టేది, ఎప్పట్లాగే నా టోపీ వెతికి తలమీద పెట్టేది.

జూలై నడుమ వచ్చే పేతురు పండగ దాటాక పళ్ళు పలచబడ్డాయి. సీరియల్ కూడా అయిపోవచ్చింది. చివరి రోజున మా ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. అనుకున్నట్టే నెర్మిన్ కెనాన్‌ని చేసుకుంది. హల్దూన్ చేతిసంచీతో ఓడ ఎక్కాడు. ఓడ కదిలింది. జోరక్క వెక్కి వెక్కి ఏడ్చింది. నీ కెనానే గెలిచాడుగా, నీకెందుకేడుపని ఎవరో అడిగితే, "నాకేం తెలుసు, ఓడ చూస్తే వచ్చేసింది" అంది ముక్కు చీదుతూ. గుమ్మంలోంచి తిహోమిర్, పళ్ళు వేడెక్కిపోతున్నాయని గొణిగి వెళ్ళిపోయాడు. ఇంకో నాలుగు రోజుల్లో అతని ప్రయాణం.

మా అత్తగారు లేచి టీవీ కట్టేసింది. ఆమెకంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"కెనాన్‌ది తప్పు కాదు, ఆ పిల్లదీ కాదు. తప్పంతా ఆ అత్తగారిది. మొదట్నుంచి చివరిదాకా సోఫాలో కూర్చుంది, కమ్మలూపుకుంటూ. అన్నీ చూసింది. నోరు విప్పిందా? ఎవరు విప్పాలి మరి? విధవపిల్ల విప్పుతుందా? నిలబడ్డవాడు విప్పుతాడా? ఆమె ఇంటి ముడి ఆమే కదా విప్పాల్సింది."

టర్కీ వాళ్ళ ఆచారాలు మనకేం తెలుసు పిన్నీ అని జోరక్క సర్దిచెప్పబోయింది. మా అత్తగారు ఆ మాట చెవిన వేసుకోలేదు. ఇళ్ళకు పోయి పడుకోమని అందర్నీ గదమాయించింది. బయట ఇంకా ఎండ ఉంది.

కోత ముగిసిన రోజున కోతవాళ్ళకు గొర్రెపిల్ల కాల్చి విందు పెట్టడం మా ఇంటి అలవాటు. పెరట్లో బల్లలు వేశాం. తిహోమిర్‌కి వీడ్కోలు కూడా అదే. అందరూ కూర్చున్నాక మా అత్తగారు లోపల్నుంచి వచ్చింది. చర్చికి కట్టుకునే నల్ల రుమాలు తలకు కట్టుకుంది. ఒక చేతిలో గుండ్రటి రొట్టె, దానిమీద ఉప్పు. రెండో చేతిలో ప్లమ్ సారా ఉన్న చెక్క బుడ్డి, దాని మెడకు తువ్వాలు. వెళ్ళిపోయేవాడి క్షేమం కోరి తాగుతుందనుకున్నాం. ఆమె నేరుగా అతని ముందుకెళ్ళి నిలబడింది.

"కుమే తిహోమిరా, నా మామగారి పెళ్ళిలో మీ తాత నిలబడ్డాడు. నా పెళ్ళిలో మీ నాన్న నిలబడ్డాడు. నా కొడుకు పెళ్ళిలో నువ్వు. మీ ఇంటి మీద మాకు పల్లెత్తు మాట లేదు. ఇవాళ అడుగుతున్నాను. మా ఇంటిని ఈ బంధం నుంచి విడిచిపెట్టు."

మా లోయలో అలా అడగడమంటే ఏమిటో అందరికీ తెలుసు. రెండిళ్ళు చెడితేనో, కుమ్ వల్ల ఇంటికి కీడు జరిగిందని నమ్మితేనో అడుగుతారు. అడిగించుకున్నవాడు ఊళ్ళో తలెత్తుకోలేడు. తిహోమిర్ మొహం పాలిపోయింది. నా చేతిలో కంచాల దొంతర ఉంది, అది జారకుండా పట్టుకోవడమే నాకు చేతనైంది. నా మూలానే అతన్ని ఇంతమందిలో వెళ్ళగొడుతోందనుకున్నాను. మిలోయెను పాతిపెట్టిన రోజు తర్వాత నాకంత దుఃఖం మళ్ళీ ఆ క్షణానే వచ్చింది.

"మతి పోయిందా పిన్నీ? పోతున్నవాడి వెనక తలుపేస్తావా?" అంది జోరక్క.

తిహోమిర్ లేచి నిలబడ్డాడు. "నా తప్పేంటి పెద్దమ్మా?"

"తప్పుంటే కర్ర పట్టుకుని వచ్చేదాన్ని. రొట్టె పట్టుకుని ఎందుకొస్తాను?" అని ఆమె రొట్టెను అతని ముందుకు చాచింది. "నాకు చెవికమ్మలు లేవు నాయనా. నోరుంది."

మొదట అర్థం చేసుకుంది జోరక్కే. ఏదో అనబోయి, తలరుమాలు కొంగుతో నోరు మూసుకుంది. ఆమె మాట మింగడం నేను చూడటం అదొక్కసారే. తర్వాత అతను నా వైపు చూశాడు. ఈసారి తల దించుకోలేదు నేను.

అతను రొట్టె తుంచాడు, ఉప్పులో అద్దాడు. "విడిచాను పెద్దమ్మా. మంచి మనసుతో విడిచాను."

ఆమె బుడ్డి ఎత్తి తాగి అతనికిచ్చింది. "ఇక నువ్వు ఈ ఇంటికి కుమ్‌వి కావు. ఆస్ట్రియా వెళ్తావో ఇంకెక్కడికి వెళ్తావో నీ ఇష్టం. రేపు నా గేటు దగ్గరికొస్తే మాత్రం ఉత్త మనిషివై రా" అంది. తర్వాత బల్లలకేసి తిరిగి, మాంసం చల్లారిపోతోంది, ఏం చూస్తున్నారని అందర్నీ కసిరింది.

అంట్లు తోముతున్నప్పుడు ఆమె పక్కన కూర్చున్నాను. అత్తయ్యా అన్నాను.

"నీమీద జాలితో ఏం కాదు. ట్రాక్టరు నడపడం నాకు రాదు, నీకు అంతకన్నా రాదు" అంది. తోమిన కంచమే మళ్ళీ తోముతోంది. ఆ తర్వాత, "మిలోయెకి కొవ్వొత్తి వెలిగించి చెప్పాను. వాడేమీ అనలేదు" అంది.

మూడు తరాలుగా వస్తూ, కొడుకు గుర్తుగా ఆమెకు మిగిలిన బంధం అది. దాన్ని తన చేత్తో తెంపి నాకిచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. సబ్బు నీళ్ళు నా ఒళ్ళో పోస్తున్నావని తిట్టింది గానీ చెయ్యి లాక్కోలేదు.

మర్నాడు సాయంత్రం ఆరింటికి ట్రాక్టరు చప్పుడు లేదు. గేటు దగ్గర అడుగుల చప్పుడైంది, ఆగిపోయింది. ఎప్పటిలా "కుమో" అన్న పిలుపు రాలేదు. పిలవడానికి అతని దగ్గర ఇప్పుడా మాట లేదు. నేను బయటికి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. పలకడానికి నా దగ్గరా ఏమీ లేదు.

"తిహోమిర్" అన్నాను.

"దోబ్రిలా" అన్నాడు అతను, ఒక్కో అక్షరం చూసుకుంటూ.

అలవాటు కొద్దీ గుమ్మంలోనే ఆగి భుజం ఆనించాడు. "ఆ గుమ్మం పడిపోదులే, వచ్చి కూర్చో" అంది మా అత్తగారు టీవీ ముందు నుంచి. కొత్త సీరియల్ ఏదో మొదలైంది. అందులో ఎవరికి ఎవరో ఆమె అప్పుడే తేల్చేస్తోంది. అతను వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను కాఫీలు తెచ్చి పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అతను టీవీకేసే చూస్తూ, ఒక వేలితో పంచదార గిన్నెను నా ముందుకు జరిపాడు.

నేను కాఫీలో పంచదార వేసుకోనని అతనికి పదిహేనేళ్ళుగా తెలుసు. రెండు చెంచాలు వేసుకున్నాను.